పైన సిగ్నల్ ఫుల్లు, నెట్ నిల్లు: ఒక రెండో రౌటర్ కేసు

ఇల్లు కచ్చితంగా ఎక్కడో చెప్పను, వైజాగ్‌లో లాసన్స్‌బే వైపు అనుకోండి, సముద్రం గాలి నేరుగా తగిలే చోటు. పేర్లు రాయట్లేదు, ఒకటి రెండు వివరాలు కావాలనే మార్చాను. నేను సీసీ కెమెరాలు, ఇళ్ళల్లో నెట్‌వర్కింగ్ పని చేస్తుంటాను, ఇలాంటివి నెలకి నాలుగైదు వస్తాయి, మామూలుగా వాటి గురించి రాసేదేం ఉండదు. ఇది మాత్రం అరగంట పని అనుకుని వెళ్ళి మూడుసార్లు ఆ ఇంటి మెట్లెక్కాను, నాలుగోసారి ఫోన్‌లో తేల్చాను. రెండోసారీ మూడోసారీ వెళ్ళాల్సి రావడం పూర్తిగా నా తప్పే, అందుకే రాస్తున్నా.

ఇల్లు, మనుషులు

కింద పెద్దాయన, అమ్మగారు. పైన కొడుకు, కోడలు, చిన్న పిల్లాడు. కోడలుగారు హైదరాబాద్ కంపెనీకి ఇంటినుంచే పని చేస్తారు, పై అంతస్తులో వెనక గది ఆవిడ ఆఫీసు. ఫైబర్ వీధి స్తంభం నుంచి ముందు గుమ్మం మీదుగా హాల్లోకి వచ్చి టీవీ పైన ఒక బాక్సులో ఆగుతుంది, రౌటర్ కూడా ఆ బాక్సులోనే. ప్లాన్ 100 ఎంబీపీఎస్. హాల్లో టీవీ, పక్క గదిలో ప్రింటర్, మెట్ల కింద కెమెరాల రికార్డింగ్ దాచే పెట్టె, డీవీఆర్.

హాల్లో ఫోన్ పెట్టి చూస్తే సిగ్నల్ మైనస్ 38, కోడలుగారి టేబుల్ దగ్గర మైనస్ 83. ఈ అంకె సున్నాకి ఎంత దగ్గరుంటే అంత మంచిది, మైనస్ 70 దాటితే వీడియో మీటింగ్ దేవుడి దయ. మధ్యలో ఒక శ్లాబు, ఒక ఇటుక గోడ, ఆ గోడకి ఆనించి నిండా బట్టలున్న ఇనప బీరువా. రౌటర్ ఇచ్చే రెండు వైఫైల్లో 5 గిగాహెర్ట్జ్‌ది అయితే ఆ గదిలో అసలు కనపడదు, 2.4ది ఏదో ఈడ్చుకుంటూ వస్తుంది. బాక్సు పైకి మార్చమని నెట్ వాళ్ళనడిగితే ఫైబర్ మళ్ళీ లాగాలన్నారట, పెద్దాయన వద్దన్నారు, గోడలకి ఇంకో బొక్క ఆయనకి ఇష్టం లేదు.

నాకంటే ముందు రెండు ప్రయత్నాలు జరిగాయి. మొదటిది ప్లగ్గులో పెట్టే రిపీటర్. దాన్ని తీసుకెళ్ళి సిగ్నల్ లేని గదిలోనే పెట్టారు. అందరూ చేసేది ఇదే, కానీ రిపీటర్ తను విన్నదే మళ్ళీ చెప్తుంది, దానికే సరిగ్గా వినపడని చోట కూచోబెడితే ఏం చెప్తుంది. పైగా ఒకే రేడియో ఉన్న చవక రకం, అదే రేడియోతో వినాలి, అదే రేడియోతో చెప్పాలి, ఉన్న స్పీడు సగానికి పడిపోతుంది. అది వారంలో అటకెక్కింది.

రెండోది అసలు కథ. పెద్దాయన మేనల్లుడు ఇంజినీరింగ్ చదువుతున్నాడు, తన దగ్గర ఖాళీగా ఉన్న ఒక పాత రౌటర్ తెచ్చాడు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ కొట్టాక ఈ ఇంటికి రిపేర్లు చేయించినప్పుడు, పైన కంప్యూటర్ కోసమని బయట గోడ వెంబడి ఒక నెట్‌వర్క్ కేబుల్ వేయించారట, అది అలాగే ఉంది. ఆ కేబుల్‌కి పైన ఈ రౌటర్ తగిలించాడు. మొదట వాన్ పోర్ట్‌లో (బయటి నెట్ లోపలికి వచ్చేది) పెట్టాడు, తర్వాత ఏదో వీడియో చూసి ల్యాన్ పోర్ట్‌లోకి (ఇంట్లో వస్తువులు తగిలించేది) మార్చాడు. అంతే, ఇంకే సెట్టింగూ ముట్టుకోలేదు. కుర్రాడి ఆలోచన సగం కరెక్టే, ఆ మిగిలిన సగమే కొంప ముంచింది.

నాకు చెప్పిన సమస్య

కోడలుగారు ఫోన్‌లో చెప్పింది దాదాపు ఇలాగే: "పైన సిగ్నల్ ఫుల్లుగా ఉంటుందండీ, నెట్ ఉండదు. ఒకోసారి నా ల్యాప్‌టాప్‌కి వస్తుంది, పక్కనే మా ఆయన ఫోన్‌కి రాదు. నిన్నయితే కింద మావయ్యగారి ఫోన్‌కి కూడా పోయింది, ఆయన రౌటర్ కిందే కూచున్నారు. ప్రింటర్ ఒకరోజు కనపడుతుంది, ఒకరోజు లేదు. నెట్ వాళ్ళు రెండుసార్లొచ్చి స్పీడ్ టెస్ట్ చేసి అంతా బాగుందని వెళ్ళిపోయారు."

ఆ నెట్ కుర్రాడిని నేనేం అనను, వాడు తన బాక్సు దగ్గర కూచుని తన ఫోన్‌తో చూశాడు, వాడికి 96 వచ్చింది, వాడి పని అయిపోయింది.

ఇందులో నా చెవికి తగిలిన మాట "పక్కనే ఉన్న ఫోన్‌కి రాదు" అన్నది. లైన్ పోతే అందరికీ పోతుంది. సిగ్నల్ తక్కువైతే ఆ గదిలో ఉన్న అందరికీ పోతుంది. పక్కపక్కన కూచున్న ఇద్దరిలో ఒకరికి వచ్చి ఒకరికి రావట్లేదంటే, పైగా రౌటర్ కింద కూచున్న మనిషికి రావట్లేదంటే, అది లైనూ కాదు సిగ్నలూ కాదు, అడ్రస్ గొడవ. ఫోన్ పెట్టేటప్పటికే నాకు ఒక అనుమానం ఉంది.

వెళ్ళగానే ఏ రౌటర్ పేజీ ఓపెన్ చెయ్యలేదు. ఇంట్లో ఉన్న మూడు ఫోన్లు అడిగి తీసుకుని డైనింగ్ టేబుల్ మీద వరసగా పెట్టాను, వైఫై పేరు మీద నొక్కితే వివరాల్లో ఐపీ అడ్రస్ కనపడుతుంది కదా, అది చదివాను. కొడుకుది 192.168.1.7, కోడలుగారిది 192.168.1.11, పెద్దాయనది 192.168.0.102. ఆ మూడో అంకె చూడండి, రెండు ఫోన్లలో 1, ఒకదాంట్లో 0. పెద్దాయన ఫోన్‌లో గేట్‌వే 192.168.0.1 అని ఉంది, అంటే బయటికెళ్ళే దారి పై రౌటరని ఆ ఫోన్ నమ్ముతోంది. పై రౌటర్ వాన్ పోర్ట్ ఖాళీ, దానికి బయటి ప్రపంచమే తెలీదు.

జరిగేదేంటంటే, ఫోన్ వైఫైలో చేరగానే "నాకో అడ్రస్ ఇవ్వండి" అని ఇంట్లో ఉన్న నెట్‌వర్క్ మొత్తానికి వినపడేలా అరుస్తుంది. ఇచ్చే పనిని డీహెచ్‌సీపీ అంటారు. కొత్త రౌటర్ ఏది కొన్నా ఆ పని ఆన్‌లోనే ఉండి వస్తుంది. ఈ ఇంట్లో రెండు రౌటర్లూ ల్యాన్ నుంచి ల్యాన్‌కి ఒకే తీగ మీద ఉన్నాయి, కాబట్టి అరుపు ఇద్దరికీ వినపడుతుంది, ఇద్దరూ "ఇదిగో తీసుకో" అంటారు, ఎవరు ముందంటే ఫోన్ మామూలుగా వాళ్ళది తీసుకుంటుంది. కింద కూచున్న పెద్దాయన ఫోన్‌కి పై రౌటర్ అడ్రస్ ఇచ్చింది అందుకే. ఒకసారి దొరికిన అడ్రస్‌ని ఫోన్ గడువు తీరేదాకా సాధారణంగా వదలదు, అందుకని బాగున్నవాడికి రోజంతా బాగుంటుంది, పాడైనవాడికి రోజంతా పాడు, మర్నాడు తారుమారు. ప్రింటర్ కూడా అంతే, అది 0 వరసలో పడినరోజు 1 వరసలో ఉన్న ల్యాప్‌టాప్‌కి కనపడదు.

అనుమానం రుజువు చేసుకోకుండా ముట్టుకోకూడదు కాబట్టి పైన కేబుల్ పీకేసి, మూడు ఫోన్లలో వైఫై ఆపి మళ్ళీ ఆన్ చేశాను. మూడూ 192.168.1 వరసలోకి వచ్చాయి. కేబుల్ మళ్ళీ పెట్టి ఆపి ఆన్ చేస్తుంటే నాలుగోసారికి ఒకటి 0లోకి పోయింది. పెద్దాయన "అంటే ఒకే వీధికి ఇద్దరు పోస్ట్‌మేన్‌లా?" అన్నారు, పోస్ట్‌మేన్ కాదు సార్, ఇంటి నంబర్లేసేవాళ్ళు ఇద్దరు అన్నాను.

మొదటిసారి చేసింది

రెండో రౌటర్ కలపడానికి రెండు దార్లు. కింద రౌటర్ ల్యాన్ నుంచి పై రౌటర్ వాన్‌కి తీగ పెడితే పైది తన సొంత నెట్‌వర్క్ నడుపుకుంటుంది, సొంత అడ్రస్సులిస్తుంది, కిందవాళ్ళతో కలవదు. ల్యాన్ నుంచి ల్యాన్‌కి పెట్టి పైదాంట్లో డీహెచ్‌సీపీ ఆపేస్తే అది ఉత్త వైఫై స్తంభం, ఇల్లంతా ఒకే నెట్‌వర్క్.

నేను మొదటి దారి పట్టాను. కారణాలు అప్పట్లో గట్టిగానే అనిపించాయి. ఒకటి, కింద 192.168.1, పైన 192.168.0, వరసలు ఎలాగూ వేరు కాబట్టి సెట్టింగ్ ఏదీ మార్చక్కర్లేదు, తీగ ఒక పోర్ట్ నుంచి ఇంకో పోర్ట్‌కి మారిస్తే చాలు (రెండూ ఒకే వరసైతే ఈ పద్ధతి పని చెయ్యదు, పై రౌటర్‌కి ఇల్లేదో వీధేదో తెలీక తికమకపడుతుంది). రెండు, పిల్లాడు రేపు పిన్నుతో రీసెట్ బొక్క పొడిచినా, ఫ్యాక్టరీ సెట్టింగ్స్‌లో కూడా ఇదే విధంగా పని చేస్తుంది, నన్ను పిలవక్కర్లేదు. మూడు, ఆఫీస్ ల్యాప్‌టాప్ ఇంట్లో టీవీలకీ కెమెరాలకీ దూరంగా ఉంటే మంచిదే కదా అనిపించింది.

డబుల్ న్యాట్ అవుతుందని తెలుసు, అంటే లోపలి అడ్రస్‌ని బయటి అడ్రస్‌గా మార్చే పని (న్యాట్) రెండుసార్లు జరుగుతుంది. నిజానికి ట్రిపుల్, ఎందుకంటే కింద రౌటర్ బయటి అడ్రస్ చూస్తే మొదట 100, దాని తర్వాత డెబ్బైల్లో ఒక అంకె ఉంది. 100.64 నుంచి 100.127 దాకా ఉన్న వరసని నెట్ కంపెనీలు కస్టమర్లందర్నీ ఒకే గొడుగు కిందకి తేవడానికని 2012లోనే పక్కన పెట్టారు, అంటే కంపెనీ దగ్గర ఒక న్యాట్ ఆల్రెడీ ఉంది. కానీ ఇక్కడ గేమ్ సర్వర్ నడిపేవాళ్ళు లేరు, కోడలుగారి వీపీఎన్ (ఆఫీసు నెట్‌వర్క్‌కి కలిపేది) లోపల్నుంచి బయటికెళ్ళేదే, దానికి ఎన్ని న్యాట్‌లున్నా పెద్దగా పట్టదు. టెస్ట్ చేస్తే వీపీఎన్ చక్కగా కలిసింది.

తీగ దగ్గర మాత్రం ఒక గంట పోయింది. పోర్ట్ లైటు వెలుగుతుంది, నిమిషానికోసారి ఆరిపోతుంది, మళ్ళీ వెలుగుతుంది. పై చివర కనెక్టర్ పీకి చూస్తే బంగారు రంగులో ఉండాల్సిన పళ్ళు రెండు పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి, బీచ్ దగ్గర ఇళ్ళల్లో ఇది మాకు రోజూ కనిపించేదే. కనెక్టర్ కోసేసి కొత్తది కొడదామని తొక్క తీస్తే, లోపల ఆరెంజ్ తీగ రాగి రంగు కూడా పోయి నల్లగా ఉంది, ఇంకో జానెడు కోసినా అంతే. ఇళ్ళ లోపల వాడే కేబుల్ తెచ్చి ఎండలో బయట గోడకి కొట్టారు, ఇన్నేళ్ళ ఎండకి పైతొక్క బీటలిచ్చి ఉప్పు తేమ లోపలికి పోయింది.

పై రౌటర్ పాతది, దాని పోర్ట్‌లు 100 ఎంబీపీఎస్‌వే, 100కి నాలుగు జతల్లో రెండు జతలే పని చేస్తాయి, కనెక్టర్‌లో 1, 2, 3, 6 పిన్నులు. రంగుల వరసలో అవి ఆరెంజ్ జత, గ్రీన్ జత. బ్రౌన్ జత ఖాళీగా కూచుని ఉంటుంది. రెండు చివర్లా ఆరెంజ్ స్థానంలో బ్రౌన్ జత పెట్టి కొట్టాను. లైటు నిలబడింది. ఇది ఆ పూటకి కట్టు కట్టడం లాంటిది, గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) కావాలంటే నాలుగు జతలూ కావాలి కాబట్టి అది ఇక ఎప్పటికీ రాదు, పైగా రేపు ఇంకొకడు వచ్చి ఒక చివర మామూలు రంగుల్లో కొడితే వాడికి పిచ్చెక్కుతుంది. అందుకే కేబుల్ మీద స్కెచ్‌పెన్‌తో "బ్రౌన్" అని రాసి, కొత్త కేబుల్ వేయించుకోండి అని చెప్పి, డబ్బులు తీసుకుని, సంతోషంగా వచ్చేశాను.

అది ఎందుకు నిలవలేదు

ఐదో రోజు ఫోన్. ఈసారి నెట్ పోవట్లేదు, వేరే గోల. పైనుంచి ప్రింటర్ వెతికితే దొరకట్లేదు. నిజానికి పైనుంచి కింద ప్రింటర్‌కి దాని ఐపీ కొట్టి వెళ్ళొచ్చు, కానీ ల్యాప్‌టాప్ తనంతట తాను వెతికే పిలుపు రౌటర్ దాటి పోదు, కిందనుంచి పైకయితే ఐపీ కొట్టినా కుదరదు. ఇది నేను ఊహించిందే, ఐపీతో ప్రింటర్ యాడ్ చేసిస్తే సరిపోతుంది అనుకున్నాను.

ఊహించనిది అమ్మగారి సంగతి. వాళ్ళమ్మాయి అమెరికాలో ఉంటుంది, పొద్దున్నే వాట్సాప్‌లో కాల్ చేస్తుంది, అమ్మగారు కింద కాఫీ కలుపుతూ ఎత్తుతారు, మనవణ్ణి చూపించడానికి మాట్లాడుతూనే మేడెక్కుతారు. మెట్ల మలుపు దగ్గర ఫోన్ కింద వైఫై వదిలి పై వైఫై పట్టుకుంటుంది, నెట్‌వర్క్ మారింది కాబట్టి అడ్రస్ కూడా మారుతుంది, కాల్ తెగుతుంది. రోజూ అదే మెట్టు మీద. "ఆ మెట్టు మీద ఏటో ఉంది బాబూ" అన్నారావిడ, సగం నవ్వుతూ సగం నిజంగానే.

నేను ఆఫీస్ ల్యాప్‌టాప్‌ని చూసి డిజైన్ చేశాను. ల్యాప్‌టాప్ టేబుల్ మీదనుంచి కదలదు. ఆ ఇంట్లో రోజంతా కింద నుంచి పైకీ పై నుంచి కిందకీ తిరిగేది అమ్మగారి చేతిలో ఫోన్, దాని గురించి నేను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఐపీతో ప్రింటర్ యాడ్ చేసి నెట్టుకురావచ్చు గానీ కాల్ తెగడానికి ఈ పద్ధతిలో మందు లేదు. కాబట్టి రెండో దారి.

రెండోసారి

ముందు కేబుల్. ఔట్‌డోర్ రకం, నల్ల తొక్కది, అచ్చంగా రాగి తీగ (రాగి పూత పూసిన అల్యూమినియం రకం సగం ధరకి దొరుకుతుంది, సముద్రం దగ్గర ఇళ్ళకి దాన్ని నేను ముట్టుకోను), పైపులో లాగించాను. ఇక్కడ చిన్న ముచ్చట. మా కుర్రాడు కొత్త కేబుల్ రెండు చివర్లా పెట్టేశాడు, పాతది పీకలేదు, నేను అప్పటికే పాతదాన్ని ల్యాన్‌లోకి మార్చి ఉన్నాను. రెండు రౌటర్ల మధ్య రెండు తీగలు. పది సెకన్లలో అన్ని లైట్లూ దీపావళి సీరియల్ సెట్ లాగా కొట్టుకోవడం మొదలెట్టాయి, ఇంట్లో నెట్ మొత్తం చచ్చింది. ఒక అరుపు ఒక తీగలో వెళ్ళి ఇంకో తీగలో వెనక్కొచ్చి మళ్ళీ వెళ్ళి అలా తిరుగుతూనే ఉంటుంది, పెద్ద నెట్‌వర్క్ స్విచ్‌లలో దాన్ని ఆపే ఏర్పాటు ఉంటుంది, ఇలాంటి ఇంటి రౌటర్లలో మామూలుగా ఉండదు. పాత తీగ పీకగానే సర్దుకుంది.

తర్వాత రౌటర్. ఈ వరస ముఖ్యం, ముందూవెనకా అయితే మన పేజీ మనకే ఓపెన్ కాదు. పై రౌటర్‌ని అన్నిట్నుంచీ విడదీసి నా ల్యాప్‌టాప్ ఒక్కటే తగిలించాను. వైఫై పేరు, పాస్‌వర్డ్ కింద ఏవున్నాయో అక్షరం తేడా లేకుండా అవే ఇచ్చాను. ఛానెల్ కింద 1, పైన 11, 2.4లో ఒకదానిమీద ఒకటి పడకుండా ఉండేవి 1, 6, 11 కదా, 6లో పక్కింటాయన ఉన్నాడు. ఆ తర్వాత పై రౌటర్ సొంత అడ్రస్ 192.168.0.1 నుంచి 192.168.1.2కి మార్చాను. అది రీస్టార్ట్ అయ్యాక కొత్త అడ్రస్‌తో మళ్ళీ లోపలికెళ్ళి, అప్పుడు డీహెచ్‌సీపీ ఆపాను. అప్పుడు తీగ, పసుపు రంగు ల్యాన్ పోర్ట్‌లో. వాన్ ఖాళీ. కొత్త మోడళ్ళలో యాక్సెస్ పాయింట్ మోడ్ అని ఒక బటన్ ఉంటుంది, ఇదంతా అదే చేసుకుంటుంది, ఉంటే దాన్నే వాడండి, ఈ పాతదాంట్లో లేదు.

ఒకే పేరు పెట్టాలా వేరు పేర్లు పెట్టాలా అని కొంచెం ఆలోచించాను. వేరు పేర్లుంటే ఎవరు దేనిమీద ఉన్నారో తెలుస్తుంది, నాలాంటి వాడికి సుఖం. కానీ మెట్లెక్కుతూ వైఫై మార్చుకోమని అమ్మగారికి చెప్పలేం. ఒకే పేరే పెట్టాను. ఎప్పుడు ఏ రౌటర్‌కి మారాలో తేల్చుకునేది ఫోనే, ఈ పాత రౌటర్లకి అందులో చెప్పుకోదగ్గ పాత్ర లేదు, కొన్ని ఫోన్లు కింద సిగ్నల్ పీలగా అయ్యేదాకా దాన్నే పట్టుకుని వేలాడతాయి, కొడుకుగారి ఫోన్ అదే రకం, దానికి నేను చేసిందేం లేదు.

టెస్ట్ ఏం చేశానంటే, అమ్మగారి చేత వాట్సాప్‌లో నాకే వీడియో కాల్ చేయించి మెట్లెక్కమన్నాను. మలుపు దగ్గర బొమ్మ ఒక్క క్షణం ఆగింది, మాట తెగలేదు. మూడుసార్లు ఎక్కి దిగారు పాపం, మోకాళ్ళ నొప్పులున్నా. ప్రింటర్ దొరికింది. స్పీడు పైన 93.

సీరియల్ టైం

మర్నాడు రాత్రి ఎనిమిదింటికి పెద్దాయన ఫోన్. అందరికీ బాగుంది, టీవీ మాత్రం ఆగిపోతోంది. పక్కనుంచి అమ్మగారు, "ఏటి బాబూ, పైన బాగుచేసి కింద పాడుచేసినావు, సీరియల్ అక్కడే గిర్రున తిరుగుతంది."

టీవీ రౌటర్ కిందే ఉంది, సిగ్నల్ మాట అనవసరం. మొన్నటిదాకా బాగానే ఉంది, నేను వెళ్ళొచ్చాకే వచ్చింది, కాబట్టి నేను చేసిన దాంట్లోనే ఉంది. ఒక్క వస్తువుకే వచ్చిందంటే మళ్ళీ అడ్రస్సే. పెద్దాయన్ని టీవీ సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ చూడమన్నాను, ఒక్కో అంకె చదివారు: ఒకటి తొమ్మిది రెండు, ఒకటి ఆరు ఎనిమిది, ఒకటి, రెండు.

192.168.1.2. నేను పై రౌటర్‌కిచ్చిన అడ్రస్.

కింద రౌటర్ పంచే వరస 2 నుంచి 254 దాకా ఉందని నేను చూడలేదు. 2 ఖాళీయేనా అని పింగ్ కొట్టి, అంటే ఆ అడ్రస్‌ని పిలిచి చూశాను, జవాబు రాలేదు, ఖాళీ అనుకున్నాను. అప్పుడు మధ్యాహ్నం పన్నెండు, టీవీ కట్టేసి ఉంది, కట్టేసిన టీవీ జవాబెలా చెప్తుంది. సాయంత్రం ఆన్ చెయ్యగానే తన పాత అడ్రస్ తను తీసుకుంది. టీవీకి రావాల్సిన సీరియల్ ముక్కల్లో కొన్ని పై రౌటర్ తలుపు తడుతున్నాయి. మిగతా ఎవరికీ ఎందుకు రాలేదంటే, వాళ్ళ డేటా పై రౌటర్ గుండా పోతుందే గానీ దాని అడ్రస్‌తో వాళ్ళకి పని లేదు.

ఆ రాత్రికి టీవీ ఆపి పైన రౌటర్ స్విచ్ కట్టేయించి సీరియల్ చూపించాను, మర్నాడు వెళ్ళి పక్కాగా చేశాను. కింద రౌటర్ పంచే వరసని 20 నుంచి 200కి కుదించాను. పై రౌటర్‌కి 5 ఇచ్చాను. డీవీఆర్‌కి ఎవరో ముందే 150 అని ఫిక్స్ చేసి ఉంచారు, అది కూడా పంచే వరసలోనే పడుతోంది, ఇన్నాళ్ళూ అదృష్టం బాగుండి గొడవ రాలేదు, దాన్ని 10కి మార్చాను, కొడుకుగారి ఫోన్‌లో కెమెరా యాప్ మళ్ళీ సెట్ చేశాను. ప్రింటర్‌కి 11. అన్నిటినీ ఒకసారి కట్టేసి, కింద రౌటర్ ముందు, మిగతావి తర్వాత ఆన్ చేశాం. పనిలో పనిగా పై రౌటర్ ప్లగ్గు ఇన్వర్టర్ లైన్‌లో లేదని కనపడింది, కరెంటు పోతే కింద నెట్ ఉండి పైన పోతుంది, ఎలక్ట్రీషియన్‌కి చెప్పమన్నాను.

ఈ కేసు తర్వాత నేను రెండు అలవాట్లు మార్చుకున్నాను. రౌటర్‌కి అడ్రస్ ఇచ్చేముందు పింగ్ కొట్టడం కాదు, మెయిన్ రౌటర్‌లో పంచే వరస ఎక్కణ్ణుంచి ఎక్కడికో చూసి దాని బయట ఇస్తాను. ఏ ఇంటికెళ్ళినా "ఫోన్ పట్టుకుని ఎక్కువ తిరిగేదెవరు" అని అడుగుతాను, విచిత్రంగా చూస్తారు, ఫర్లేదు.

ఫోన్‌లో తేలినది

సంక్రాంతి ముందు రంగులు వేయించుకున్నారు. రంగులవాళ్ళు పై రౌటర్ విప్పి పక్కన పెట్టి, పనయ్యాక బుద్ధిగా మళ్ళీ బిగించారు. కేబుల్‌ని ఏ పోర్ట్‌లో పెట్టాలో చూస్తే ఒకదానికి నీలం రంగు, కింద ఇంటర్నెట్ అని రాసుంది, నెట్ తీగ కాబట్టి అందులో పెట్టారు. తప్పు పట్టలేం, నేనైనా అదే చేసేవాణ్ణి.

కోడలుగారు ఫోన్ చేసి పైన ఎవరికీ కనెక్ట్ అవ్వట్లేదన్నారు, కింద బాగుంది. ల్యాప్‌టాప్‌లో ఐపీ చదవమంటే 169.254 అని మొదలెట్టారు. అడ్రస్ ఇచ్చేవాడు ఎవరూ దొరక్కపోతే విండోస్ తనకి తాను వేసుకునే నంబరది. పై రౌటర్ తను ఇవ్వదు, మేం ఆపేశాం, కింద రౌటర్ దాకా అరుపు వెళ్ళట్లేదు, అంటే తీగైనా పోవాలి, వాన్‌లోనైనా ఉండాలి. "మేడం, తీగ ఏ రంగు పోర్ట్‌లో ఉంది?" "నీలం." "పసుపులోకి మార్చండి." పావు నిమిషంలో వచ్చేసింది.

మొదటిరోజు నేను లెక్కేసుకున్న రీసెట్ బొక్క భయం ఇప్పటికీ ఉంది, పిల్లాడు పొడిస్తే మళ్ళీ ఇద్దరు నంబర్లేసేవాళ్ళు తయారవుతారు. ఆ బొక్క మీద, నీలం పోర్ట్ మీద దెబ్బలకేసే తెల్ల ప్లాస్టర్ అంటించమన్నాను. వాన్ పోర్ట్ మీద అంటించండి అని స్పీకర్‌లో చెప్తుంటే అమ్మగారు, "వానకీ దీనికీ ఏటి సంబంధం, ఇంట్లోనే ఉంది కదా" అన్నారు. అప్పట్నుంచి ఆ ఇంట్లో దాని పేరు వాన పోర్టే.

అడ్రస్సులన్నీ ఒక కాగితం మీద రాసి మీటర్ బాక్సు తలుపు లోపలివైపు అంటించి వచ్చాను: కింద రౌటర్ 1, పై రౌటర్ 5, డీవీఆర్ 10, ప్రింటర్ 11, మిగతా అందరూ 20 నుంచి. మొన్న కెమెరా పనిమీద వెళ్ళినప్పుడు తీసి చూస్తే కాగితం అలాగే ఉంది, నా అంకెల కిందనుంచి అమ్మగారు పాల లెక్క రాసుకుంటున్నారు.